ఐదో చెయ్యి

1984 ఆగస్టు 16, గురువారం, సాయంత్రం ఆరున్నర. మా రాతి కార్మికుల సహకార సంఘం గది ముందు ఆ రోజు ఆఖరి లారీకి ఎక్కించిన నాపరాళ్ల కొలత చెప్పి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. అరుగు మీద మా సంఘం ఉపాధ్యక్షుడు రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"తీసేశారంటక్కా."

"ఎవర్ని?"

"ముఖ్యమంత్రిని. పొద్దున ఉన్నాడు, ఇప్పుడు లేడు. ఆయన మంత్రుల్లోనే ఒకాయన ఎక్కి కూర్చున్నాడంట."

రేడియో కట్టేసి రోడ్డు వైపు చూశాడు. "అంత పెద్దాయన్నే ఒక్క పూటలో దించారే" అని తనలో తాను అనుకున్నాడు. అప్పుడు నేను దాన్ని బాధ అనుకున్నాను.

మా ఊరు గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో ఉంది. పైన జానెడు మట్టి, దాని కింద పొరలు పొరలుగా నాపరాయి. పైరుకు పనికిరాని ఆ నేలే మాకు అన్నం పెట్టింది. ఒకప్పుడు గనులు కాంట్రాక్టర్ల చేతిలో ఉండేవి, మావాళ్లు రోజుకూలికి రాయి తీసేవాళ్లు. 1978లో ఇరవై మూడు కుటుంబాలం కలిసి సంఘం పెట్టుకున్నాక, ఊరికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, రెండు గనులు సంఘం పేరున లీజుకు వచ్చాయి. అప్పటి నుంచి మా రాయి మేమే తీసి, మేమే అమ్ముకునేవాళ్లం.

సంఘానికి తొమ్మిది మంది డైరెక్టర్లు. అధ్యక్షుణ్ణి ఆ తొమ్మిది మందే తమలోంచి ఎన్నుకుంటారు, వద్దనుకుంటే వాళ్లే దించుతారు. సగానికి మించి సంతకాలు పెట్టి నోటీసు ఇవ్వాలి. గడువు ప్రకారం సహకార శాఖ అధికారి వస్తాడు. ఆయన ఎదుట చేతులెత్తాలి. తొమ్మిదిలో ఐదు చేతులు లేస్తే అధ్యక్షుడు దిగిపోతాడు. ముఖ్యమంత్రి సంగతి కూడా ఇంతేనని, అక్కడ సభ పెద్దది కాబట్టి లెక్క పెద్దదని, ఆ నెలలో పేపరు చదివి తెలుసుకున్నాను. మా తొమ్మిది మందిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే.

సంఘం పుట్టినప్పటి నుంచీ అధ్యక్షుడు ఒకరే, మా పక్కింటి ఆయన. చుట్టరికం ఏమీ లేదు. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవాడు. ఎనిమిదో తరగతి చదివి పెళ్లయి వచ్చి, గనిలో ముక్కలు ఏరుకుంటున్న నన్ను లారీల దగ్గర కొలత పనికి పెట్టింది ఆయనే. ఆడమనిషి లారీ పక్కన నిలబడి కొలత చెప్పటమేందని నవ్విన వాళ్లతో, "మీలో ఎవడికన్నా అడుగులూ అంగుళాలూ తప్పు లేకుండా కలపటం వస్తే రండి, ఆమెను ఇంటికి పంపిస్తా" అన్నాడు. తర్వాత డైరెక్టరుగా నిలబడమన్నదీ ఆయనే.

ఆ ఆగస్టు పదో తారీఖున ఆయన్ని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. కిడ్నీలో రాయి, కోసి తీయాలన్నారు. ఊళ్లో అందరిదీ ఒకటే హాస్యం. బస్సు ఎక్కుతుంటే నేనూ ఊరుకోలేదు.

"బయట తీసిన రాయి చాలక లోపల గూడా గని పెట్టావా అన్నా?"

నడుం పట్టుకునే నవ్వాడు. "డాక్టరు తీసినాక కొలత నువ్వే చెప్పాలి చెల్లెమ్మా. వాళ్లు తక్కువ రాస్తారు."

ముఖ్యమంత్రిని దించిన మర్నాటి నుంచి ఊరు ఊరంతా మండిపడింది. ఒక రోజు గనులు మూసి, అందరం మాచర్ల రోడ్డు మీద బైఠాయించాం. సభలో చేతులెన్నో లెక్కపెట్టకుండా ఎట్టా దించుతారని, అమెరికా పోయి వైద్యం చేయించుకుని వచ్చిన మనిషిని కుదురుకోనివ్వరా అని అరిచాం. అందరికంటే గట్టిగా అరిచింది మా ఉపాధ్యక్షుడే. ఆయనకు సొంత లారీ ఉంది, గొంతు కూడా లారీ హారన్ లాంటిదే.

ఆ వారం తిరగకుండానే ఆయన మా ఇంటికి వచ్చాడు. మా ఆయన లేని సమయం చూసుకుని వచ్చాడని తర్వాత అర్థమైంది.

"అక్కా, ఒక మాట. ఎవరికీ చెప్పబాక. అన్న పై గనిని కాంట్రాక్టరుకి రాసిస్తన్నాడు."

"నోరు మూసుకో."

"నా కళ్లతో చూశానక్కా. ఆసుపత్రికి పొయ్యే ముందు రోజు గురజాలలో ఆ కాంట్రాక్టరు ఇంట్లోంచి బయటికొస్తన్నాడు. మనల్ని ఎవర్నీ అడక్కుండా ఆ గడప ఎందుకు తొక్కాలి?"

కాంట్రాక్టరుతో ఏ మాట మాట్లాడినా తొమ్మిది మంది ముందే మాట్లాడాలన్నది మేమంతా పెట్టుకున్న నియమం. ఆ నియమం పుస్తకంలో ఎక్కించాలని పట్టుబట్టింది నేను. నియమం తప్పారంటే నాకు ఒళ్లు మండేది, తప్పింది ఎవరైనా సరే.

"సంతకం పెట్టక్కా. మేం నలుగురం ఉన్నాం. నేను, మా మేనల్లుళ్లు ఇద్దరు, పెద్దాయన. నువ్వుంటే ఐదు."

పెట్టాను. మా ఊరి మీదుగా గుంటూరుకు రోజూ బస్సు ఉండేది. ఆసుపత్రిలో ఆయన మంచం దగ్గర కూర్చుని, ఆ గడప ఎందుకు తొక్కావన్నా అని అడిగి సాయంత్రానికి తిరిగి రావచ్చు. జబ్బు మనిషిని అట్లాంటి మాట అడగటం బాగుండదని నాకు నేను చెప్పుకున్నాను. అడగటం బాగుండదు, దించటం మాత్రం బాగుంటుంది! ఆ తేడా అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు.

అన్నం తింటున్న మా ఆయనకు విషయం చెప్పాను. హైదరాబాదులో జరిగింది అన్యాయమని, ఎందుకంటే అక్కడ లెక్క తేల్చలేదని, మాది అట్లా కాదని, నోటీసు ఇచ్చి, గడువు ఇచ్చి, అధికారి ఎదుట చేతులు లెక్కపెట్టి దించుతామని వివరంగా చెప్పాను. ఆయన ముద్ద మింగి నీళ్లు తాగాడు.

"మంచాన పడ్డ మనిషి మాత్రం రెండుచోట్లా ఉన్నాడు గదే" అన్నాడు. ఆయన మాటలు తక్కువ. నేను వినిపించుకోలేదు.

సమావేశం సెప్టెంబరు 17, సోమవారం, పదకొండు గంటలకు పెట్టారు. నోటీసు నకలు గుంటూరు ఆసుపత్రికి కూడా వెళ్లింది. కింద ఐదు సంతకాలు. అందులో గుండ్రంగా, చదవటానికి వీలుగా ఉండేది నాది ఒక్కటే.

ఆ రోజుల్లో పేపర్ల నిండా క్యాంపు మాటే. దిగిపోయిన ముఖ్యమంత్రి వైపు ఎమ్మెల్యేలను ఎవరూ కొనేయకుండా పక్క రాష్ట్రానికి తీసుకుపోయి ఒకేచోట ఉంచారు. మా ఊళ్లో జనం దాన్ని యుద్ధానికి పోవటం లాగా చెప్పుకునేవాళ్లు. సమావేశానికి ముందు గురువారం మా ఉపాధ్యక్షుడు కూడా అదే మాట ఎత్తాడు.

"మనం గూడా క్యాంపు పోవాలి."

మా డైరెక్టర్లలో అందరికంటే వయసు మళ్లిన పెద్దాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "క్యాంపంటే ఏందిరా?"

"అందరం ఒకచోట తిని, ఒకచోట పండుకోవటం పెద్దాయనా."

"అది ఇంట్లోనే చేస్తన్నా గదరా."

"ఇంట్లో ఉంటే ఎవడో ఒకడు వచ్చి నీ మనసు మారుస్తాడు."

"నా పెళ్లాం నలభై ఏళ్ల నుంచి చూస్తంది. ఆమె వల్లే కాలా."

లారీ ఎక్కేముందు ఆంజనేయస్వామి గుడికి పోయాం. మా వైపు పెద్ద మాట ఇవ్వాలంటే వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి చెప్పాలి. అట్లా చెప్పిన మాట తప్పితే ఇంట్లో దీపం నిలవదని నమ్మకం. ఉపాధ్యక్షుడు పళ్లెంలో కర్పూరం వెలిగించి, "అందరం ఒక్క మాట మీద ఉంటాం స్వామీ" అని ఆర్పబోయాడు.

నేను ఆపాను. "ఇదేం ప్రమాణం? ఏ మాట మీద? ఎన్నాళ్లు?"

రోజూ పేపర్లో చూస్తున్నాను. పొద్దున ఒక వైపు ఉన్న ఎమ్మెల్యే సాయంత్రానికి రెండో వైపు ఫోటోలో ఉండేవాడు. మర్నాడు మళ్లీ ఇటు. అట్లాంటి మనుషులంటే నాకు అసహ్యం. మాలో ఒక్కరు కూడా అట్లా కాకూడదనుకున్నాను. అందుకని ప్రమాణం నేనే చెప్పించాను. "ఈ సోమవారం సమావేశంలో అధ్యక్షుణ్ణి దించటానికి చెయ్యి ఎత్తుతాను. ఎవరు బతిమాలినా, ఎవరు బెదిరించినా, ఏం తెలిసినా మార్చుకోను." ఐదుగురం ఒక్కొక్కరుగా ఆ మాటలు పలికి కర్పూరం ఆర్పాం. నా అరచెయ్యి చురుక్కుమంది. ఆ మంట నాకు గర్వంగానే అనిపించింది.

క్యాంపు అంటే ఏదో సత్రమో, అతిథి గృహమో అనుకున్నాం. నకరికల్లు దగ్గర ఉపాధ్యక్షుడి బావమరిదికి మిరపకాయల గోడౌన్ ఉంది. సరుకు అమ్మేశాడు గాని ఘాటు అమ్ముడుపోలేదు. లారీ దిగి లోపల అడుగుపెట్టగానే పెద్దాయన తుమ్మాడు. ఆ తుమ్ములు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని నాలుగు రోజులు ఆగలేదు. మేనల్లుళ్లు తువ్వాళ్లు తడిపి ముక్కులకు కట్టుకుని పేకాట ఆడేవాళ్లు. నాకు ముందు వైపు కాటా గది ఇచ్చారు. పెద్దాయన నా గది గుమ్మం ముందు చాప వేసుకుని, "ఎమ్మెల్యేలకి గూడా ఇట్టాగే ఉండుద్దంటావా తల్లీ?" అని అడిగేవాడు. ఉపాధ్యక్షుడు రేడియో వదలకుండా హైదరాబాదు కబుర్లు చెప్పేవాడు. దిగిపోయిన ముఖ్యమంత్రి గెలవాలని అందరం కోరుకున్నాం. ఆ కోరికలో అబద్ధం ఏమీ లేదు.

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి గోడౌన్ ముందు జీపు ఆగింది. తెల్ల చొక్కా మనిషి ఒకాయన రెండు బుట్టల బత్తాయిలు దింపించాడు. గురజాల కాంట్రాక్టరు. నాకు ఒక కాయ పంపించారు. కాటా గదిలో కూర్చుని దాని తోలు తీస్తున్నాను. వాళ్లిద్దరూ కిటికీ అవతల అరుగు మీదే కూర్చున్నారు. నేను లోపల ఉన్న సంగతి మరిచిపోయారో, ఉన్నా ఏం చేస్తుందిలే అనుకున్నారో తెలియదు.

"రేపటితో అయిపోద్ది గదా. ఎల్లుండి పై గనిలో తవ్వటానికి కంప్రెసరు దింపమంటావా?" కాంట్రాక్టరు గొంతు.

"ఒక నెల ఆగండి. జనం చూస్తారు" అన్నాడు ఉపాధ్యక్షుడు.

"మీ అధ్యక్షుడు చానా మొండోడయ్యా. పై గని నాకిమ్మని కబురు పంపిస్తే, ఆయనే మా ఇంటికొచ్చి, నేనుండగా కుదరదని మొహాన చెప్పిపొయ్యాడు. నొప్పితో మెలికలు తిరగతా వచ్చి మరీ చెప్పాడు."

ఇద్దరూ నవ్వుకున్నారు. తోలు సగం తీసిన కాయ నా చేతిలో అట్లాగే ఉండిపోయింది.

జీపు వెళ్లిపోయాక గోడౌన్ వెనక బోరింగు దగ్గర పెద్దాయనకు అంతా చెప్పాను. ఆయన బోరింగు కొట్టడం ఆపి నా మొహం చూశాడు.

"ఇప్పుడేం చేస్తాం తల్లీ. ఆర్పేశాం గదా."

"అబద్ధం చెప్పి చేయించిన ప్రమాణం పెద్దాయనా."

"ఏం తెలిసినా అని పలికిచ్చింది నువ్వే గదమ్మా." ఆయన ఎత్తిపొడవలేదు, ఉన్నది చెప్పాడు. మళ్లీ ఆయనే అన్నాడు, "ఒక దారుంది. స్వామి కాడ తప్పు ఒప్పుకుని, నూటొక్క బిందెల నీళ్లు పోస్తే ప్రమాణం దిగిపోద్దంటారు. మా నాయన ఒకసారి పోశాడు."

ఉపాధ్యక్షుడి లారీకి డ్రైవరు ఈ పెద్దాయన కొడుకే. తాను మాట తప్పితే కొడుకు పని పోతుంది. అయినా ఆ ముసలాయన నాకు దారి చూపించాడు. నూటొక్క బిందెలు మొయ్యటం నాకు కష్టం కాదు. దేవుడంటే భయపడి ఆగానని చెప్పుకుంటే కొంత నయంగా ఉండేది. నిజం అది కాదు. ఫలానా ఆమె కర్పూరం ఆర్పి మాట తిప్పిందట, నీళ్లు మోసి కడుక్కుందట అని ఊళ్లో అనుకుంటారే, ఆ మాట పడలేకపోయాను. అది ఆ పేపరు ఫోటోల్లో ఉన్నవాళ్ల పని, నా పని కాదనుకున్నాను.

ఆ సాయంత్రం రేడియోలో వార్త వచ్చింది. దించిన ముఖ్యమంత్రిని మళ్లీ ఎక్కించారు. నెల రోజులు తిరిగేసరికి ఆయన కుర్చీ ఆయనకు వచ్చింది. గోడౌన్‌లో కేకలు, ఈలలు. ఉపాధ్యక్షుడు నకరికల్లు నుంచి బూందీ తెప్పించి అందరి చేతుల్లో పోశాడు. "ధర్మం గెలిచిందక్కా!" అని నాక్కూడా పోశాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మిరపఘాటు వల్ల కాదు. మనిషి ఒకే రోజు రెండు రకాలుగా నిజంగా ఉండగలడని అప్పుడే చూశాను. నన్ను నేను చూసుకోలేదు.

నాకు ఆ వార్త విన్నాక ఒక ఆలోచన తట్టింది. దించిన మనిషిని మళ్లీ ఎక్కించవచ్చు. మా ప్రమాణంలో దించటానికి చెయ్యి ఎత్తుతాను అని ఉంది గాని, ఎక్కించటం గురించి ఒక్క ముక్క లేదు. దిగిపోయినవాడు మళ్లీ పోటీ చేయకూడదని సంఘం నియమాల్లో ఎక్కడా లేదు. సోమవారం రెండు లెక్కలు జరుగుతాయి. మొదట దించటం, ఆ వెంటనే కొత్త అధ్యక్షుడి ఎన్నిక. మొదటి దాంట్లో మాట నిలబెట్టుకుంటాను. రెండో దాంట్లో అన్న పేరు నేనే చెప్తాను. ఆయన చెయ్యి, ఆయన వైపున్న మిగతా ముగ్గురు డైరెక్టర్ల చేతులు, నాది. ఐదు. మాట పోదు, మనిషీ పోడు. శేషం లేకుండా లెక్క తేలినప్పుడు ఉండే తృప్తి నాకు కలిగింది. ఆ రాత్రి క్యాంపులో అందరి కంటే హాయిగా నిద్రపోయింది నేనే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ నిద్ర తలుచుకుంటే నాకు సిగ్గు.

సోమవారం పదకొండుకు ఐదు నిమిషాల ముందు లారీ సంఘం గది దగ్గర ఆగింది. అన్న శనివారమే గుంటూరు నుంచి వచ్చాడట. చొక్కా లోపల కట్టు కనిపిస్తోంది. సగం మనిషి అయ్యాడు. వదిన చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కిస్తోంది. నోటీసులో నా సంతకం చూశాడని నాకు తెలుసు. అయినా ఆయనే ముందు పలకరించాడు. మా గోడౌన్ తుమ్ముల కథ అప్పటికే ఊరు చేరినట్టుంది.

"తుమ్ములు తగ్గినయ్యా చెల్లెమ్మా?"

వదిన మొహం తిప్పుకుంది. అప్పుడే ఆయన చెవిలో రెండు మాటలు వేయవలసింది. రెండో లెక్క దాకా కూర్చో అన్నా, నా చెయ్యి నీదే. అంత చిన్న మాట. కాని అధికారి అప్పటికే కుర్చీలో కూర్చున్నాడు, సమావేశానికి ముందు గుసగుసలు మర్యాద కాదనిపించింది. అయినా ఆయన ఎక్కడికి పోతాడు, గదిలోనే ఉంటాడు గదా అనుకున్నాను.

అధికారి తీర్మానం చదివాడు. అధ్యక్షుడు ఏమైనా చెప్పుకుంటారా అని అడిగాడు. అన్న లేవలేదు. "చెప్పటానికేముందండీ. ఆ ఇంటికి పొయ్యాను. లేదు, ఇయ్యం అని చెప్పి వచ్చాను. నొప్పిలో ఉండి మీకెవరికీ ముందు చెప్పలా. అది తప్పే" అన్నాడు.

"తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి."

ఉపాధ్యక్షుడు ఎత్తాడు. మేనల్లుళ్లు ఎత్తారు. పెద్దాయన తల దించుకుని ఎత్తాడు. నాలుగు. గదిలో అందరూ నా వైపు తిరిగారు. అన్న మాత్రం నిదానంగా చూస్తున్నాడు. నేను ఎత్తనన్న నమ్మకం ఆయన కళ్లల్లో ఇంకా ఉంది.

ఎత్తాను.

ఆయన నా మొహం చూడలేదు, నా చేతిని చూశాడు. అధికారి "ఐదు, తీర్మానం నెగ్గింది" అని రాసుకుంటుండగానే బల్ల పట్టుకుని లేచాడు.

"ఇంక నేను పోవచ్చా సార్?"

"మీరు డైరెక్టరుగా ఉంటారండీ. ఎన్నికకు కూర్చోవచ్చు."

"కూర్చోలేనండీ. కుట్లు లాగుతున్నయ్."

ఆయన బయటికి నడిచాడు. ఆయన వైపు ముగ్గురూ లేచి వెంట వెళ్లిపోయారు. నేను గబగబా లేచి కొత్త అధ్యక్షుడిగా ఆయన పేరే చెప్పాను. ఉపాధ్యక్షుడు నోరు తెరిచాడు. అధికారి కలం ఆపి నన్ను వింతగా చూశాడు.

"ఇప్పుడే దించారు గదమ్మా?"

"నియమాల్లో అడ్డం లేదండీ."

"లేదు. కాని ఆయన ఒప్పుకోవాలి. పిలుచుకురండి, పది నిమిషాలు ఆగుతాను."

పరిగెత్తాను. రోడ్డు పక్కన లోడుకు పేర్చి ఉంచిన రాళ్ల మీద ఆయన కూర్చుని ఉన్నాడు. వదిన కొంగుతో విసురుతోంది. ఆయాసపడుతూనే అంతా చెప్పాను. కర్పూరం సంగతి, కాంట్రాక్టరు మాటలు, రెండో లెక్క. "లోపలికి రా అన్నా. మీ నలుగురు, నేను. ఐదు. కుర్చీ నీదే."

వదిన ముందు అందుకుంది. "ఏమే, నీకేమన్నా మతి పొయ్యిందా? మేము ఆసుపత్రిలో ఉంటే ఒక్కసారి గూడా రాలేదే! ఇప్పుడు లెక్కలు చెప్తన్నావా?"

ఆయన చెయ్యి ఎత్తి వదినను ఆపాడు. గొంతు పెంచలేదు.

"ఇందాక దించింది నువ్వే, ఇప్పుడు ఎక్కిచ్చేది నువ్వేనా? నేనేమన్నా లారీ మీద బండనా చెల్లెమ్మా, ఎక్కించటానికి దించటానికి?"

"అది కాదన్నా, ప్రమాణం..."

"నీ ప్రమాణం నువ్వు నిలబెట్టుకున్నావ్. మంచిదే. పో. సారు ఎదురుచూస్తన్నాడు."

లెక్క నాకు కనిపిస్తోంది, ఆయనకు నా చెయ్యి ఒక్కటే కనిపించింది. ఆ సంగతి రాత్రంతా హాయిగా నిద్రపోయిన మనిషికి తట్టలేదు.

నేను తిరిగి గదిలోకి వెళ్లి నా చోట్లో కూర్చున్నాను. సమావేశం మధ్యలో లేచిపోవటం నాకు అలవాటు లేదు. అధికారి మమ్మల్ని లెక్కపెట్టుకున్నాడు, ఐదుగురం. ఐదుగురు లేకపోతే ఎన్నిక జరపకూడదు, ఇంకో రోజుకు వాయిదా వెయ్యాలి. నేను బయటే ఉండి ఉంటే ఆ రోజు కొత్త అధ్యక్షుడు ఎవరూ లేరు. ఆలోచించుకోవటానికి అన్నకూ, బిందెలు మోసుకోవటానికి నాకూ కొన్ని రోజులు దొరికేవి. నియమాలన్నీ నోటికి వచ్చిన నాకు ఈ ఒక్కటి ఇంటికి పోయే దారిలో గుర్తొచ్చింది. ఉపాధ్యక్షుడికి నాలుగు చేతులు లేచాయి. నేను ఎత్తలేదు. ఎత్తకపోవటం వల్ల ఏమీ ఆగలేదు.

ఊళ్లో నన్ను మెచ్చుకున్నారు. అందుకు నేను సిద్ధంగా లేను. అన్నలాంటి మనిషని కూడా చూడకుండా మాట మీద నిలబడిందన్నారు. పొలం గట్ల తగాదాలకూ, పంపకాలకూ నన్ను పెద్దమనిషిగా కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. "ఆమె మాటంటే మాటే" అని ఎవరన్నా అన్నప్పుడల్లా నాకు అన్న ఆ రోజు నా చేతిని చూసిన చూపు గుర్తొచ్చేది. కాదని ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్లకు పిలిచినా పోవటం మానేశాను.

ఆ దీపావళి దాటాక పై గనిలో కంప్రెసరు దిగింది. కాంట్రాక్టరుకు ఇచ్చే తీర్మానానికి నేను వద్దని చెప్పాను, అన్న వైపు ముగ్గురూ వద్దన్నారు. అన్న సమావేశాలకు రావటం మానేశాడు. నాలుగుకు నాలుగైతే అధ్యక్షుడిది ఇంకో ఓటట. నెగ్గింది. 1986లో దిగువ గని లీజు గడువు తీరింది. తిరిగి రాయించుకునే పని ఎవరూ పట్టించుకోలేదు. మావాళ్లు ఏ గనిని సొంతంగా తవ్వారో అదే గనిలో మళ్లీ కూలికి నిలబడ్డారు.

అన్న, వదిన అప్పటికే ఊరు విడిచారు. కృష్ణ దాటి, మిర్యాలగూడ వైపు రోడ్డు పనులకు కంకర కొట్టుకుంటున్నారని తెలిసి 1987 వేసవిలో వెళ్లాను. రోడ్డు వారన తాటాకుల పాక. ఆయన ఒక పక్కకు ఒరిగి కూర్చుని సుత్తి కొడుతున్నాడు. నన్ను చూసి లేచాడు. చేతులు దులుపుకున్నాడు.

"రండమ్మా. ఎండన బడి వచ్చారు. కూర్చోండి."

నా జీవితంలో ఆయన నన్ను మీరు అనటం అదే మొదలు. తిట్టి ఉంటే బాగుండేదని వదినతో అన్నాను. ఆమె గంజి గిన్నె నా ముందు పెట్టింది. "నూటొక్క బిందెలు పొయ్యలేకపొయ్యావా? నాకు చెప్తే సగం నేను మోసేదాన్ని గదే" అంది. ఆ సంగతి పెద్దాయన చెప్పి ఉంటాడు. అన్న తలెత్తకుండా, "ఊరుకో, పెద్దామెను అట్టా అనకూడదు" అని వదినను మందలించాడు. గంజి తాగి, సాయంత్రం బస్సుకు వచ్చేశాను. బస్సు దాకా సాగనంపాడు. దారి పొడవునా గారూ, మీరూ.

ఆ తర్వాత మళ్లీ ఆయన్ని చూడలేదు.

పోయినవి రాస్తున్నాను. రెండు గనులు. ఇరవై మూడు కుటుంబాల సొంత పని. అందులో పదకొండు కుటుంబాలు ఊరే విడిచి వెళ్లాయి. సంఘం 1988లో మూతపడింది. అన్న 1989 జనవరిలో కృష్ణ అవతలే పోయాడు. ఆ కబురు నాకు పన్నెండు రోజుల తర్వాత తెలిసింది.